పోయింది కారు, తిరగాల్సింది యజమాని

కారు పోయినవాడికి జరిగే నష్టం ఒక్కటి కాదు, రెండు. మొదటిది దొంగ చేసేది. ఇంటి ముందో, ఫంక్షన్ హాలు బయటో, ఆస్పత్రి ఆవరణలోనో నిలిపిన బండిని తీసుకుపోవడానికి చేయి తిరిగిన దొంగకు కొద్ది నిమిషాలు చాలు. రెండోది ఆ తర్వాత మొదలై నెలల తరబడి సాగుతుంది. పోలీస్ స్టేషన్, ఆర్టీఏ ఆఫీసు, బీమా కంపెనీ, కారుకు అప్పిచ్చిన బ్యాంకు, మేజిస్ట్రేట్ కోర్టు... ఈ ఐదింటి మధ్య యజమాని కాగితాలు మోస్తూ తిరుగుతుంటాడు. బీమావాళ్లు పోలీసుల కాగితం తెమ్మంటారు. పోలీసులు అది కోర్టులో ఉందంటారు. కోర్టు గుమాస్తా ఇంకా నంబరు పడలేదంటాడు. బ్యాంకు మాత్రం ఎవరినీ ఏమీ అడగదు, తేదీ రాగానే కిస్తీ కోసుకుంటుంది. ఇదంతా చూసి మన చట్టాలే అంత అని సరిపెట్టుకోవడం చాలామందికి అలవాటు. చట్టాలను విప్పి చూస్తే మాత్రం సంగతి వేరుగా కనిపిస్తుంది. ఫిర్యాదు రాసుకోవడం, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో చెప్పడం, దొరికిన బండిని తిరిగి అప్పగించడం, ఇవన్నీ చట్టం ఆఫీసుల మీదే పెట్టింది. వాడుకలో అవి యజమాని నెత్తిన పడ్డాయి. ఆ బరువు అటు నుంచి ఇటు ఎలా మారిందన్నదే ఇక్కడ పరిశీలించాల్సిన విషయం.

కారు కనబడనంత మాత్రాన అది దొంగతనం అయి తీరాలని లేదు. నో పార్కింగ్‌లో ఉందని ట్రాఫిక్ పోలీసులు క్రేన్‌తో ఎత్తుకుపోయి ఉండొచ్చు. కిస్తీలు బాకీ ఉంటే ఫైనాన్స్ కంపెనీ మనుషులు పట్టుకుపోయి ఉండొచ్చు. బంధువో, పాత డ్రైవరో రెండో తాళంచెవితో తీసుకెళ్లి ఉండొచ్చు. అద్దెకు తీసుకున్నవాడే బండిని ఎక్కడో తాకట్టు పెట్టి ఉండొచ్చు. స్టేషన్‌లో మొదట ఈ ప్రశ్నలే అడుగుతారు, అడగడం సమంజసమే. ఏ సెక్షన్ కింద కేసు కట్టారన్న దాన్ని బట్టి బీమా సంగతి కూడా మారుతుంది. అద్దెకు తీసుకున్నవాడే కారును అమ్ముకుంటే అది నమ్మకద్రోహం అవుతుందే తప్ప దొంగతనం కాదని కంపెనీలు వాదిస్తాయి. అయితే ఈ అనుమానాలు తీర్చుకోవడానికి రోజులు పట్టవు. కంట్రోల్ రూమ్‌కి ఒక ఫోన్, ఫైనాన్స్ కంపెనీకి మరో ఫోన్ చేస్తే తేలిపోతుంది. వాటిని సాకుగా చేసుకుని ఫిర్యాదును పక్కన పెట్టినప్పుడే అసలు గొడవ మొదలవుతుంది.

చట్టం చెప్పేది, స్టేషన్‌లో జరిగేది

కారు దొంగతనం కాగ్నిజబుల్ నేరం, అంటే వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరం. అలాంటి నేరం జరిగినట్టు సమాచారం అందితే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని 2013 నవంబరులో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. నమోదు చేయని అధికారుల మీద చర్య తీసుకోవాలని కూడా అందులోనే అంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ఇంకాస్త ముందుకు వెళ్లింది. నేరం ఏ ఊళ్లో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపినా తీసుకోవాలి, ఫిర్యాదుదారు మూడు రోజుల్లోగా వచ్చి సంతకం పెడితే సరిపోతుంది. ఎఫ్ఐఆర్ నకలు అక్కడికక్కడే ఉచితంగా ఇవ్వాలి. కాబట్టి విజయవాడ నుంచి హైదరాబాద్‌లో పెళ్లికి వచ్చి కారు పోగొట్టుకున్నవాడు తిరిగి విజయవాడలోనే ఫిర్యాదు ఇచ్చినా కాదనే అధికారం ఎవరికీ లేదు. దాన్ని సంబంధిత స్టేషన్‌కి పంపించుకునే పని పోలీసులది.

వాడుకలో జరిగేది ఇది. రైటర్ ఒక తెల్ల కాగితం మీద పిటిషన్ రాయించుకుంటాడు. ‘రెండ్రోజులు చూద్దాం సార్, దొరక్కపోతే అప్పుడు కేసు కడదాం’ అంటాడు. ఆ పిటిషన్‌కి నంబరు ఉండదు, ముద్ర ఉండదు. ఇది ఎవరో ఒకరి బద్ధకం కాదు, దీని వెనుక ఒక లెక్క ఉంది. ఎఫ్ఐఆర్ కట్టిన ప్రతి దొంగతనం ఆ స్టేషన్ నేరాల పట్టికలో చేరుతుంది. బండి దొరక్కపోతే అది తేలని కేసుగా మిగిలి, నెలవారీ సమీక్షలో సీఐ దగ్గర నుంచి ఎస్పీ దాకా ప్రశ్నలు వస్తాయి. కట్టని కేసు ఏ పట్టికలోనూ కనిపించదు. పైఅధికారులు స్టేషన్ పనితీరును నమోదైన నేరాలు తగ్గాయా అన్న కొలతతో చూసినంత కాలం కింది ఉద్యోగి నమోదు చేయకపోవడానికే మొగ్గుతాడు. యజమానికి జరిగే నష్టం ఆ కొలతలోకి రాదు.

పోలీసుల వైపు నుంచి వినిపించే జవాబు ఒకటుంది. అప్పులు ఎగ్గొట్టడానికో, బీమా డబ్బు కోసమో కారును తామే దాచి దొంగతనం అని చెప్పేవాళ్లు ఉంటారని, అందరి మాటా నమ్మి కేసులు కడితే కుదరదని అంటారు. అలాంటివాళ్లు ఉండే మాట నిజమే. దానికీ చట్టంలో దారి ఉంది. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతి తీసుకుని ప్రాథమిక విచారణ జరపొచ్చని అదే 173వ సెక్షన్ చెబుతోంది. మామూలు దొంగతనం సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష మూడేళ్లు కాబట్టి, ఆ సెక్షన్ వర్తించే కేసుల్లో ఈ వెసులుబాటును పోలీసులు వాడుకోవచ్చు. కానీ దానికి 14 రోజుల గడువుంది, పైఅధికారి అనుమతి ఉండాలి. రైటర్ నోటిమాటగా చెప్పే ‘రెండ్రోజులు చూద్దాం’ ఆ విచారణ కిందికి రాదు. పైగా అబద్ధపు ఫిర్యాదు ఇచ్చినవాణ్ని పట్టుకోవాలన్నా ముందు వాడి మాట అధికారికంగా కాగితం మీదికి ఎక్కాలి. రాసుకోని అబద్ధానికి శిక్ష వేయడం ఎవరికీ సాధ్యం కాదు.

ఆలస్యం వల్ల పోయేది కాలం ఒక్కటే కాదు. దొంగిలించిన కార్లు రెండు దారుల్లో మాయమవుతాయి. ప్రమాదంలో నుజ్జయి టోటల్ లాస్ కింద తుక్కుగా అమ్ముడైన కారు కాగితాలు సంపాదించి, అదే మోడల్ దొంగ బండి మీద ఆ ఛాసిస్ నంబరు చెక్కించి అమ్మేయడం ఒక దారి. విడిభాగాలుగా ఊడదీయడం రెండోది. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో సోతీగంజ్ బజారు ఇలా ఊడదీసిన బండ్లకు దేశమంతటా పేరుమోసి, చివరికి 2021 డిసెంబరులో పోలీసుల ఒత్తిడితో మూతపడింది. ఒకసారి ఊడదీశాక ఆ కారును ఏ కెమెరా గుర్తుపట్టలేదు. అందుకే మొదటి కొన్ని గంటల్లో నంబరు అన్ని చెక్‌పోస్టులకూ, టోల్‌గేట్లకూ చేరాలి. ఎఫ్ఐఆర్ లేకపోతే ఆ నంబరును దొంగ బండిగా ఏ జాబితాలోనూ పెట్టలేరు.

స్టేషన్‌లో కుదరకపోతే ఫిర్యాదును రాతపూర్వకంగా ఎస్పీకో, కమిషనర్‌కో పంపొచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించొచ్చు, అదే సురక్షా సంహిత 175వ సెక్షన్ కింద దర్యాప్తుకు ఆదేశించే అధికారం ఆయనకుంది. కేసు కట్టాక 90 రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు తెలియజేయాలని 193వ సెక్షన్ కొత్తగా చేర్చింది. ఇవన్నీ మంచి ఏర్పాట్లే. కానీ ఈ మెట్లన్నీ ఎక్కాల్సింది యజమానే. రిజిస్టర్డ్ పోస్టు ఖర్చు, వకీలు ఫీజు, పని మానుకున్న రోజులు అతని లెక్కలోవే. ఫిర్యాదు తీసుకోని ఎస్ఐకి మాత్రం రూపాయి ఖర్చు లేదు. కొన్ని లైంగిక నేరాల్లాంటి వాటిలో ఫిర్యాదు నమోదు చేయని ఉద్యోగికి జైలుశిక్ష పడేలా భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ రాశారు. ఆస్తి నేరాలకు అలాంటిదేమీ లేదు. కారు దొంగతనం ఫిర్యాదు తీసుకోనందుకు అంత కఠిన శిక్ష పెట్టాలని ఎవరూ అడగరు. కానీ ఎక్కడ నిర్లక్ష్యానికి ఫలితం ఉంటుందో అక్కడ చట్టం అమలవుతుందని ఆ సెక్షన్ రాసినవాళ్లకు తెలుసు.

జరిమానాకు కనిపించే కారు

పోయిన కారు దొరక్కపోవడం ప్రభుత్వానికి చూపు లేక కాదు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టు 4న ప్రారంభమైన కమాండ్ కంట్రోల్ సెంటర్‌కు నగరంలోని కెమెరాల దృశ్యాలు చేరుతుంటాయి. నంబరు ప్లేటును చదివే కెమెరాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. సిగ్నల్ దాటినా, వేగం మించినా ఈ-చలాన్ వచ్చేస్తుంది. ఇలాంటి చలానా నోటీసును 15 రోజుల్లోగా పంపాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 167ఎ చెబుతోంది. జాతీయ రహదారుల మీద 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. ఏ టోల్‌గేటును ఏ బండి ఎన్ని గంటలకు దాటిందో నమోదవుతూనే ఉంటుంది. అంటే దొంగ నడుపుతున్న కారు సిగ్నల్ దాటితే ఒక సర్కారు కెమెరా దాన్ని ఫొటో తీసి, జరిమానా కట్టమని అసలు యజమానికే సందేశం పంపగలదు. అదే సమయంలో అదే ప్రభుత్వానికి చెందిన స్టేషన్‌లో ఆ కారు ఆచూకీ తెలియలేదని కేసు డైరీ నిండుతుండొచ్చు. రెండు విభాగాల మధ్య సమాచారం తనంతట తాను ప్రవహించేలా చేస్తే ఆ చలానా దర్యాప్తుకు ఆధారం అవుతుంది. చేయనంత కాలం దాన్ని ప్రింట్ తీసుకుని స్టేషన్‌కి మోసుకుపోవాల్సింది యజమానే. అందుకే కారు పోయిన వెంటనే ఫాస్టాగ్ బ్లాక్ చేయించే ముందు దర్యాప్తు అధికారికి ఒక మాట చెప్పడం మంచిది. టోల్ సందేశం ఒక్కటి వచ్చినా కారు ఏ దిక్కున పోయిందో తెలుస్తుంది.

రవాణా శాఖ సంగతీ ఇంతే. దొంగతనం జరిగినా ఆర్సీలో పేరు మారదు, రికార్డు ప్రకారం ఆ బండి ఇంకా యజమానిదే. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ధ్వంసమైన బండి, శాశ్వతంగా పనికిరాకుండా పోయిన బండి రిజిస్ట్రేషన్ రద్దు గురించి చెబుతుంది, దొంగిలించిన బండి గురించి విడిగా చెప్పదు. అందువల్ల ఎఫ్ఐఆర్ నకలు జత చేసి, ఈ నంబరు మీద పేరు మార్పు, డూప్లికేట్ ఆర్సీ, ఇతర రాష్ట్రానికి ఎన్‌ఓసీ ఏవీ ఇవ్వొద్దని ఆర్టీఏకు రాసి, చేరినట్టు ముద్ర వేయించుకోవడం యజమాని పనుల్లో ఒకటైపోయింది. జాతీయ నేర రికార్డుల బ్యూరో నడిపే వాహన్ సమన్వయ్‌లో దొంగిలించిన, స్వాధీనం చేసుకున్న బండ్ల వివరాలు ఉంటాయి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు అందులో చూసుకోవచ్చు. అయితే అందులోకి వివరం ఎక్కాలన్నా ముందు స్టేషన్‌లో కేసు నమోదు కావాలి. దేశంలో దాదాపు అన్ని రాష్ట్రాలూ వాహన్ అనే ఒకే రిజిస్ట్రేషన్ వ్యవస్థలో చేరినా, తెలంగాణ చాలా ఏళ్లపాటు తన సొంత సాఫ్ట్‌వేర్‌తోనే విడిగా నడిచింది. విజయవాడ దారిలో కోదాడ దాటితే ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. దొంగ దాన్ని దాటడానికి పట్టే సమయంతో పోలిస్తే సమాచారం దాటడానికి పట్టే సమయం చాలా ఎక్కువ.

చివరి కాగితం వచ్చేదాకా

డబ్బు రూపంలో నష్టాన్ని పూడ్చాల్సింది బీమా. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే దొంగతనానికి పైసా రాదు, కాంప్రెహెన్సివ్ పాలసీ ఉండాలి. అందులో ఇచ్చేది కారు కొన్న ధర కాదు, ఐడీవీ అని పాలసీ మీద రాసి ఉండే విలువ. రెండు నుంచి మూడేళ్ల మధ్య వయసున్న బండికి 30 శాతం, నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య ఉన్నదానికి 50 శాతం తరుగుదల తీసి దాన్ని లెక్కగడతారు. రిటర్న్ టు ఇన్వాయిస్ అనే అదనపు రక్షణ తీసుకున్నవాళ్లకే ఇన్వాయిస్ ధర అందుతుంది. క్లెయిమ్‌కి కంపెనీలు అడిగేవాటి జాబితా పొడుగ్గా ఉంటుంది. ఎఫ్ఐఆర్, ఆర్సీ, రెండు తాళంచెవులు, ఆర్టీఏకు రాసిన లేఖ, సంతకాలు చేసిన 28, 29, 30 నంబరు ఆర్టీఏ ఫారాలు, అప్పుంటే బ్యాంకు కాగితం. వీటన్నిటికంటే ముఖ్యమైనది బండి దొరకలేదని పోలీసులు మేజిస్ట్రేట్‌కి ఇచ్చే తుది నివేదిక. జనం నోట్లో అది నాన్‌ట్రేసబుల్ సర్టిఫికెట్. కంపెనీ నిర్ణయం చెప్పాల్సిన గడువు కావాల్సిన కాగితాలన్నీ చేరాకే మొదలవుతుంది. పోలీసుల నివేదిక రాకపోతే ఆ గడియారం అసలు కదలదు. ఆ నివేదిక ఇన్ని రోజుల్లో ఇవ్వాలన్న గట్టి గడువు మాత్రం స్టేషన్‌కి లేదు.

కోర్టులు ఈ విషయంలో యజమాని పక్షాన చాలాసార్లు నిలిచాయి. దొంగతనం జరిగిన వెంటనే చెప్పలేదన్న సాకుతో నిజమైన క్లెయిమ్‌లను తోసిపుచ్చకూడదని 2017 అక్టోబరులో ఒక లారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2020 జనవరిలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని మరింత స్పష్టం చేసింది. ఆ కేసులో ట్రాక్టర్ పోయిన రోజే ఎఫ్ఐఆర్ అయింది, బీమా కంపెనీకి తెలిపింది మాత్రం 52 రోజుల తర్వాత. పోలీసులకు వెంటనే చెప్పిన యజమాని కంపెనీకి ఆలస్యంగా చెప్పాడన్న ఒక్క కారణంతో డబ్బు ఎగ్గొట్టకూడదని తీర్పు వచ్చింది. ఈ తీర్పులన్నీ వెంటనే నమోదైన ఎఫ్ఐఆర్ మీదే ఆధారపడ్డాయి. స్టేషన్‌లో ‘రెండ్రోజులు చూద్దాం’ అన్న మాట ఈ రక్షణ పునాదినే కదిలిస్తుంది. ఫిర్యాదు తీసుకోనిది పోలీసు, ఆలస్యమైందని అనిపించుకునేది యజమాని. అందుకే స్టేషన్ తలుపు తట్టిన రోజే ఫిర్యాదును ఈమెయిల్‌లోనో, పోలీసు పోర్టల్‌లోనో, రిజిస్టర్డ్ పోస్టులోనో పంపి తేదీ నిలబెట్టుకోవడం అవసరం. బీమా కంపెనీకీ అదే రోజు కాల్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోవాలి.

ఇక్కడ కంపెనీల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. దొంగ క్లెయిమ్‌ల భారం చివరికి అందరి ప్రీమియం మీదా పడుతుంది, అందుకే కాగితాలు గట్టిగా అడుగుతామంటారు. యజమాని వైపు తప్పులు కూడా ఉంటాయి. 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు ముగిశాక కూడా శాశ్వత నంబరు తీసుకోని కారు దొంగతనానికి గురైంది. ఆ యజమానికి డబ్బు రాలేదు. తాళంచెవి బండిలోనే వదిలేసి దిగిన డ్రైవర్ల విషయంలో పూర్తిగా కాకుండా 75 శాతం ఇప్పించిన తీర్పులున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో కొని పాలసీని తన పేరు మీదికి మార్చుకోనివాళ్లదీ ఇబ్బందే. ఇవన్నీ యజమాని తన బాధ్యత తాను నెరవేర్చాలని చెప్పేవి, అందులో తప్పు లేదు. కంపెనీ తన అనుమానాన్ని తన ఖర్చుతో, తన ఇన్వెస్టిగేటర్‌తో తీర్చుకోవడం ఒక పద్ధతి. యజమాని చేతిలో లేని కాగితం కోసం అతన్ని నెలల తరబడి తిప్పడం వేరే పద్ధతి. కాగితాలు లేవన్న కారణంతో క్లెయిమ్‌ను తిరస్కరించరాదని బీమా నియంత్రణ సంస్థ 2024 జూన్‌లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ చెబుతోంది. స్టేషన్ నుంచి నివేదిక తెప్పించుకునే పని కంపెనీలు తమ చేతుల్లోకి తీసుకుంటే ఆ సర్క్యులర్‌కి అర్థం ఉంటుంది.

ఇక కారు దొరికితే కష్టాలు తీరినట్టేనా అంటే, ఏ పోలీస్ స్టేషన్ ఆవరణలోకి తొంగిచూసినా జవాబు తెలుస్తుంది. తుప్పు పట్టిన కార్లు, చక్రాలు లేని ఆటోలు, తీగలల్లుకున్న మోటార్‌సైకిళ్లు అక్కడ గుట్టలుగా పడి ఉంటాయి. స్వాధీనం చేసుకున్న బండ్లను స్టేషన్లలో ఎక్కువ కాలం ఉంచడంలో అర్థం లేదని, 15 రోజుల నుంచి నెలకు మించి ఉంచకూడదని 2002లోనే గుజరాత్‌కు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట అమలు కావడం లేదని బీమా కంపెనీల మండలి మళ్లీ కోర్టుకెక్కింది. అందులో మొదటి ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. దరఖాస్తు చేసిన 30 రోజుల్లో బండిని విడుదల చేయాలని, ఎవరూ అడగని బండ్లను ఆరు నెలల్లో వేలం వేయాలని 2010లో తీర్పు వచ్చింది. నాగరిక్ సురక్షా సంహితలోని 497వ సెక్షన్ ఇంకో అడుగు వేసి 14 రోజుల్లో బండి వివరాలు రాయాలని, ఫొటో తీయాలని, ఆపై 30 రోజుల్లో ఏం చేయాలో కోర్టు ఆదేశించాలని చెప్పింది. ఫొటోలే సాక్ష్యంగా చెల్లుతాయి కనుక బండిని ఎండకూ వానకూ వదిలేయనక్కర్లేదు. రెండు దశాబ్దాలుగా దేవుడు వరమిస్తూనే ఉన్నా పూజారి కరుణించకపోవడం అంటే ఇదే.

ఫోన్‌కి కుదిరింది, కారుకి కుదరదా

ఇదంతా మన దేశంలో మారేది కాదనేవాళ్లు సెల్‌ఫోన్ల సంగతి చూడాలి. 2023 మేలో దేశమంతటికీ అందుబాటులోకి వచ్చిన సీఈఐఆర్ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరు నమోదు చేస్తే పోయిన ఫోను ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా ఆగిపోతుంది. ఎవరైనా అందులో కొత్త సిమ్ వేస్తే సమాచారం పోలీసులకు చేరుతుంది. ఫోన్లు వెతికి ఇవ్వడంలో తెలంగాణ పోలీసులు దేశంలో ముందు వరుసలో నిలిచారు. పోలీసులు మారలేదు, స్టేషన్లు మారలేదు, మారిందల్లా పద్ధతి. బాధితుడు ఒక్కచోట వివరం ఇస్తే మిగతా విభాగాలకు అది తనంతట తాను చేరింది. ఎన్ని ఫోన్లు దొరికాయన్నది గొప్పగా చెప్పుకునే లెక్క అయింది. పోగొట్టుకున్నవాళ్లు ఎక్కువగా నమోదు చేసుకుంటే స్టేషన్‌కి చెడ్డపేరు రాలేదు, దొరికినప్పుడు మంచిపేరు వచ్చింది. నేరం నమోదు చేయడానికి వెనకాడే అలవాటు కొలత మారితే పోతుందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు. పది, పదిహేను వేల ఫోనుకు కుదిరిన ఏర్పాటు పది లక్షల కారుకు ఎందుకు కుదరదో చెప్పాల్సింది పాలకులే.

వాహనాల విషయంలోనూ ఒక ప్రయత్నం జరిగింది. వాహనాల దొంగతనాలకు ఢిల్లీ పోలీసులు 2015లో ఆన్‌లైన్ ఎఫ్ఐఆర్ పద్ధతి తెచ్చారు. ఇంటి నుంచే ఫిర్యాదు ఇవ్వొచ్చు, నకలు అప్పుడే చేతికొస్తుంది. 21 రోజుల్లో కేసు తేలకపోతే దొరకలేదన్న నివేదిక కూడా ఆన్‌లైన్‌లోనే వచ్చేస్తుంది, దాంతో బీమా పని మొదలవుతుంది. దీని మీద ఒక విమర్శ ఉంది, అది ఆలోచించదగ్గదే. కాగితం సులువుగా ఇచ్చేస్తే పోలీసులు కారును వెతకడం మానేస్తారని, మూడు వారాలు చూసి మూసేయడమే దర్యాప్తు అవుతుందని అంటారు. ఆ ప్రమాదం నిజంగానే ఉంది. కాగితం ఆపి ఉంచితే కార్లు ఎక్కువ దొరుకుతాయా అంటే, అలా జరగదు. కాగితం ఆగినంత మాత్రాన వెతుకులాట జోరందుకోదు, యజమాని డబ్బు ఆగుతుందంతే. బాధితుడికి ఇచ్చే ధ్రువీకరణ ఒకటి, దర్యాప్తు ఒకటి. ఈ రెండింటినీ విడదీసి, దొరకలేదని రాసిన తర్వాత కూడా ఆ నంబరు అన్ని కెమెరాల జాబితాలోనూ బతికే ఉండేలా చూడొచ్చు. ఆధారం దొరికితే కేసును తిరిగి తెరవడానికి చట్టం అడ్డు చెప్పదు. బీమా సొమ్ము ఇచ్చేశాక దొరికిన కారు కంపెనీకి చెందుతుంది కనుక ఎవరికీ రెండుసార్లు లాభం కలగదు.

సిబ్బంది లేరన్నది అన్ని ఆఫీసుల్లోనూ వినిపించే జవాబు. స్టేషన్లలో ఖాళీలున్నాయి, బందోబస్తుల భారం ఉంది, ఒక్కో ఎస్ఐ చేతిలో బోలెడు కేసులుంటాయి. ఇందులో అబద్ధం లేదు. కానీ ఒకే వివరాన్ని ఐదు చోట్ల ఐదుసార్లు రాయించే పద్ధతి పని పెంచుతుందే కానీ తగ్గించదు. యజమాని స్టేషన్‌కి వచ్చిన ప్రతిసారీ అతనికి జవాబు చెప్పడానికి ఒక ఉద్యోగి సమయం ఖర్చవుతుంది. ఎఫ్ఐఆర్ నమోదైన క్షణంలోనే ఆ నంబరు రవాణా శాఖకు, చలానా విభాగానికి, ఫాస్టాగ్ వ్యవస్థకు, బీమా కంపెనీకి వెళ్లేలా చేస్తే తగ్గేది యజమాని తిరుగుడు ఒక్కటే కాదు, రైటర్ రాతపని కూడా. ఇంకొందరు, కార్లున్నవాళ్ల కష్టాల కంటే పెద్ద కష్టాలు దేశంలో లేవా అంటారు. ఇదే చట్టం, ఇదే స్టేషన్, ఇదే బీమా మోటార్‌సైకిల్‌కీ ఆటోకీ వర్తిస్తాయి. దేశంలో దొంగతనానికి గురయ్యే బండ్లలో ఎక్కువ ద్విచక్ర వాహనాలే. కారున్న ఉద్యోగి సెలవు పెట్టి ఆఫీసుల చుట్టూ తిరగగలడు. బండి మీద సరుకు చేరవేసి బతికే కుర్రాడికి తిరిగిన ప్రతి రోజూ కూలి పోయిన రోజే. తిరుగుడు అందరికీ సమానమే అయినా దాని ధర పేదవాడికే ఎక్కువ.

కాబట్టి కొత్త హక్కులు రాయడం కంటే రాసి ఉన్నవాటికి వెల కట్టడం మీద దృష్టి పెట్టాలి. సమాచార హక్కు చట్టం ఈ పాఠం 2005లోనే నేర్పింది. 30 రోజుల్లో జవాబు ఇవ్వని అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా, అదీ అతని జీతంలోంచి. కమిషన్లు ఆ జరిమానాను అరుదుగా వేస్తాయన్న విమర్శ నిజమే. అయినా ఫలానా తేదీలోగా జవాబివ్వాలన్న స్పృహ ఆఫీసులో పుట్టింది ఆ ఒక్క సెక్షన్ వల్లే. 2010లో మధ్యప్రదేశ్ తెచ్చిన ప్రజాసేవల హామీ చట్టం సేవ ఆలస్యమైతే అధికారికి జరిమానా వేసి, అందులోంచి దరఖాస్తుదారుకు పరిహారం ఇచ్చే వీలు కల్పించింది. వాహన దొంగతనం విషయంలో మన రెండు రాష్ట్రాలూ ఇలాంటిది చేయడానికి పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు. ఫిర్యాదు అందిన రోజే నంబరున్న రసీదు, దొరకలేదన్న నివేదికకు కచ్చితమైన గడువు, దొరికిన బండిని అప్పగించడానికి 497వ సెక్షన్ చెప్పిన రోజుల లెక్క, వీటిని అధికారుల పనితీరు సమీక్షలో చేరిస్తే చాలు. నమోదైన దొంగతనాలు పెరిగితే ఎస్పీ సంజాయిషీ చెప్పుకోవాల్సిన పరిస్థితి పోయి, నమోదు కాని ఫిర్యాదు బయటపడితే చెప్పుకోవాల్సిన పరిస్థితి రావాలి. అలా చేసిన రోజున దొంగతనాలు ఆగిపోవు. పోయిన బండ్లన్నీ దొరకవు కూడా. కానీ దొంగ చేసిన నష్టం మీద ఆఫీసులు ఇంకో నష్టం వేయడం ఆగుతుంది. దొంగను ఆపడం ప్రభుత్వానికి అన్నివేళలా సాధ్యం కాకపోవచ్చు, తన ఆఫీసులను తాను దారిలో పెట్టుకోవడం మాత్రం పూర్తిగా దాని చేతిలో పనే.